బండి ఎత్తు పెరిగింది.. ముల్లు తప్పు చెప్పింది!

శుక్రవారం మధ్యాహ్నం మిసయీద్ దాటి సీలైన్ వైపు వెళ్లిన వాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. ఇసుక తిన్నెల ముందు బండ్లన్నీ వరసగా ఆగుతాయి. కంప్రెసర్లు పెట్టుకున్న కుర్రాళ్లు టైర్లలో గాలి తీస్తుంటారు. ఆ వరసలో మనిషి నడుమంత ఎత్తు టైర్లతో, నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో అన్నట్టుండే ప్యాట్రోళ్లు, ల్యాండ్ క్రూజర్లు ఎన్నో! ఆ మోజు దొరలది, వాళ్ల పిల్లలది. బిగించే చేతులు మాత్రం చాలావరకు మనలాంటి వాళ్లవే. స్టీరింగు పట్టేదీ చాలా ఇళ్లలో మనవాడే.

అసలు ఈ పని ఎలా జరుగుతుందో చూద్దామని మొన్న గురువారం సాయంత్రం సనయ్యలోని ఓ గరాజుకు వెళ్లాం. అక్కడి మెకానిక్‌ది జగిత్యాల వైపు ఊరు. పేరు రాయొద్దన్నాడు. పాత ప్యాట్రోల్ ఒకటి జాకీల మీద నిలబడి ఉంది. పాత స్ప్రింగులు నేల మీద పడున్నాయి, వాటి పక్కనే రెండంగుళాలు పొడుగున్న కొత్తవి.

‘‘లేపుడు పెద్ద పని కాదన్నా.. లేపినంక సరిచేసుడే అసలు పని’’ అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఆ మాట వెనకున్న లెక్క ఇదీ. స్ప్రింగు పొడుగైతే బాడీ పైకి లేస్తుంది కానీ ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. పాత ప్యాట్రోల్‌కు ముందూ వెనకా నిలువెల్లా ఒకే ఇరుసు. దాన్ని చాసిస్‌కు అడ్డంగా పట్టి ఉంచే రాడ్డు కొలత మారదు కాబట్టి, బాడీ లేచిన కొద్దీ ఇరుసు ఓ పక్కకు జరుగుతుంది. చక్రాల వాలు మారి స్టీరింగు తేలిపోతుంది. బ్రేకు గొట్టాలు లాక్కుపోతాయి. షాక్ అబ్జర్బర్లు పాతవే ఉంచితే చాలవు. ఇవన్నీ మార్చి, అలైన్‌మెంట్ చేయించాకే బండి రోడ్డెక్కాలి. ‘‘సగం మంది స్ప్రింగుల దగ్గరనే ఆపుతరు. మిగిలిన దానికి పైసలు దండుగ అంటరు’’ అని నవ్వాడు. అన్నీ సరిచేసినా ఒకటి మాత్రం మిగిలిపోతుంది. ఎత్తు పెరిగిన బండి మలుపులో బోల్తాపడే ప్రమాదం ఎక్కువ.

ఇరుసు కింద ఖాళీ పెరగాలంటే టైరే మార్చాలి. టైరు మీద 265/70 ఆర్16 అని ఉంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, రిమ్ము 16 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 777 మిల్లీమీటర్లు. దాని స్థానంలో కుర్రకారు ముచ్చటపడే 285/75 ఆర్16 వేస్తే 834 దాకా పోతుంది. తేడా 57 మిల్లీమీటర్లయినా ఇరుసు లేచేది అందులో సగమే. అంటే అంగుళం పైచిలుకు. ఇంత ఖర్చూ ఆ అంగుళం కోసమా అనిపించింది మాకైతే!

అసలు కథ మీటరు దగ్గర మొదలవుతుంది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. పై లెక్క ప్రకారం తేడా ఏడు శాతం. ముల్లు 120 చూపిస్తుంటే బండి దానికంటే ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతున్నట్టే. కంపెనీ మీటర్లు సాధారణంగా వేగాన్ని కాస్త ఎక్కువే చూపిస్తాయి. పెద్ద టైర్లతో ఆ కాస్త వెసులుబాటూ పోతుంది.

ఈ లెక్క అర్థంకాక నష్టపోయిన హౌస్ డ్రైవర్ ఒకాయన అదే గరాజులో కలిశాడు. రాయచోటి దగ్గర పల్లె. కఫీల్ కొడుకు సెలవుల్లో టైర్లు మార్పించి, చదువుకు వెళ్లిపోయాడట. బండి ఈయన చేతికొచ్చింది. ‘‘ముల్లు గీత దాటనీలేదు సార్ నేను. అయినా నెలలో మూడు ముఖాలఫాలు! డబ్బులు నా జీతంలోనే పట్టుకున్నారు. ఎవురికి చెప్పుకోవాల?’’ అన్నాడు. చివరికి ఫోన్‌లో మ్యాప్ పెట్టి చూస్తే, ముల్లు 105 దగ్గరుంటే ఫోన్ 112 చూపించిందట. ఆ తెరను ఫొటో తీసి పెద్దాయనకు చూపించాకే ఆయన బండిని ఇక్కడికి పంపాడు.

సొంత బండి ఉన్నవాళ్లకు ఇంకో ముప్పు. 2024 సెప్టెంబరు 1 నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉంటే దేశం దాటనివ్వడం లేదు. టికెట్ కొని, పెట్టె సర్దుకుని ఎయిర్‌పోర్టులో ఆగిపోతే ఆ బాధ పగవాడికి కూడా వద్దు. లీవుకు వెళ్లేముందు మెట్రాష్‌లో ఓసారి చూసుకోండి.

బండిలో మార్పులు చేయాలంటే ట్రాఫిక్ విభాగం అనుమతి ముందే ఉండాలి. కొందరు ఫాహెస్ తనిఖీ రోజున పాత టైర్లు బిగించి, సాయంత్రానికి మళ్లీ మార్చేస్తారని మెకానిక్ చెప్పాడు. తనిఖీ అలా గడిచిపోవచ్చు. కానీ యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లకు పేచీ పెట్టే సందు దొరికినట్టే. అప్పుడు స్టీరింగు ముందున్నది ఎవరో వేరే చెప్పాలా? అందుకే హౌస్ డ్రైవర్‌గా కొత్త బండి తాళం చేతికొచ్చినప్పుడు ఒక్క నిమిషం వంగి టైరు సైజు చూడండి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్‌పై కంపెనీ సైజు ఉంటుంది. రెండూ కలవకపోతే అప్పుడే చెప్పేయండి. టైరు పక్కనే నాలుగంకెలు కూడా ఉంటాయి. 2323 అంటే 2023లో 23వ వారం తయారీ. ఈ ఎండలకు పాత రబ్బరును నమ్మలేం.

మరి ఇసుకలో పెద్ద టైరు అక్కర్లేదా? ‘‘గాలి తీస్తే చాలన్నా’’ అన్నాడు మెకానిక్. 35 ఉన్న గాలిని 15 దాకా తగ్గిస్తే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. దోహాకు 80 కిలోమీటర్ల దూరంలోని ఖోర్ అల్ ఉదైద్ దాకా మామూలు టైర్లతో పోయొచ్చే వాళ్లు బోలెడుమంది. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపడం మాత్రం మరవకూడదు. మెత్తటి టైరుతో వంద మీద పోతే అది కాగి పగిలిపోతుంది.

మేం బయల్దేరే సరికి రాయచోటి ఆయన బండికి పాత టైర్లు ఎక్కుతున్నాయి. విప్పిన నాలుగింటినీ మెకానిక్ మూలన పేర్చాడు. ‘‘కొడుకు సెలవులకు వస్తడు గదా, మళ్ల ఎయ్యమంటడు’’ అన్నాడు. రాయచోటి ఆయన ఫోన్ తీసి, ఆ ఫొటో ఇంకా ఉందో లేదో చూసుకున్నాడు.