కాఫీ బల్ల మీద కథాక్రీడ

గుజ్జనగూళ్ళు వండుకొని, బొమ్మల పెళ్ళిళ్ళు చేసికొనే వయస్సులో ప్రతివారూ నటులే. ఒక పిల్ల వియ్యపురాలవుతుంది; మరొక పిల్ల పెళ్ళికూతురి తల్లి అవుతుంది. వ్రాసిపెట్టిన నాటకం లేదు, చూచే ప్రేక్షకుడు లేడు. అయినా కథ నడుస్తుంది. కట్నాల బేరాలు జరుగుతాయి, అలకలు వస్తాయి, అప్పగింతల వేళ ఒక్కొక్కప్పుడు నిజమైన కన్నీళ్ళే వస్తాయి. బడిలో చేరి నాలుగైదేళ్ళు గడిచేసరికి ఈ విద్య మనలను విడిచిపోతుంది. ఆ తరువాత ఇతరులు చెప్పిన కథలు వినడమే గాని, మనమే ఒక పాత్రయై కథ నడపడం ఉండదు.

పోయిన ఈ విద్యను పెద్దలకు తిరిగి అప్పగించే ఆట ఒకటి అర్ధశతాబ్దికి పైగా ప్రపంచంలో ప్రచారంలో ఉన్నది. ఇంగ్లీషువారు దానిని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. పాత్రధారణ క్రీడ అని మనం అనుకోవచ్చును. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. ఆయన సన్నివేశం చెబుతాడు. తక్కినవారు తలకొక పాత్ర వహించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో, ఏమి పలుకుతుందో అప్పటికప్పుడు చెబుతారు. ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. ఒకరు గెలిచి మరొకరు ఓడడం సాధారణంగా ఉండదు. కథ రక్తి కట్టిందా లేదా అన్నదే ముఖ్యం.

ఈ క్రీడ పుట్టిన తీరు చెప్పుకోదగినది. 1969లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు, బల్ల మీద బొమ్మ సైనికులతో యుద్ధక్రీడలాడే తన మిత్రులకోసం ఒక కొత్త పద్ధతి కల్పించాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్టణం, సేనలు ఇంకా పట్టణం చేరలేదు. ఈలోగా ఊరిలో ఏమి జరుగుతుంది? ఒకరికి మేయరు పాత్ర, ఒకరికి బ్యాంకరు, మరొకరికి విశ్వవిద్యాలయాధిపతి పాత్ర పంచిపెట్టి, ఎవరి ఆశయం వారికి అప్పగించాడు. ఆటగాళ్ళు వరుసక్రమం విడిచి, మూలమూలలకు చేరి మంతనాలు మొదలుపెట్టారు. ఆట చెడిపోయిందనే వెస్లీ అనుకొన్నాడు. మిత్రులు మాత్రం మళ్ళీ ఎప్పుడు ఆడిస్తావని వెంటపడ్డారు.

ఆ మిత్రులలో ఒకడైన డేవ్ ఆర్నెసన్ ఈ బీజాన్ని పెంచి, లేక్ జెనీవా వాస్తవ్యుడు గారీ గైగాక్స్‌తో కలసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రకటించాడు. మొదటి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. మూడు చిన్న పుస్తకాలను ఇంటివద్దనే చేతితో పెట్టెలలో సర్ది అమ్మారు. కొనే స్తోమతు లేని విద్యార్థులు నకళ్ళు తీసికొని ఆడారు. అట్టి ఇంటి పరిశ్రమ క్రమంగా పెద్ద వ్యాపారమై, 1997లో ఒక సంస్థ చేతికి, 1999లో ఆ సంస్థతోపాటు హాస్‌బ్రో అనే ఆటబొమ్మల కంపెనీ చేతికి పోయింది.

ఆట పెద్దదైనకొద్దీ పుస్తకాలు లావయ్యాయి, వెలలు పెరిగాయి. అందుకు ప్రతిగా వచ్చినవే స్వతంత్ర క్రీడలు. రచయిత తన ఆట మీద హక్కు తానే ఉంచుకొని, తానే అచ్చువేసికొని, తానే పంచుకోవడం ఇక్కడ స్వతంత్రమన్న మాటకు అర్థం. జీవశాస్త్రం బోధించే రాన్ ఎడ్వర్డ్స్ వంటివారు 2001 నుంచి ‘ది ఫోర్జ్’ అనే చర్చావేదిక ద్వారా ఈ భావానికి బలం చేకూర్చారు. ఆటలు చిన్నవి కాజొచ్చాయి. జాన్ హార్పర్ 2013లో వెలువరించిన ‘లేజర్స్ అండ్ ఫీలింగ్స్’ ఒకే ఒక్క పుట. అదే సంవత్సరం ఏవరీ ఆల్డర్ ప్రకటించిన ‘ది క్వైట్ ఇయర్’కు ఒక కాగితం, కొన్ని పాచికలు, ఒక పేక చాలును. ఆటీను, డైమను, కళావరు, ఇస్పేటు నాలుగు ఋతువులు. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క వారం. విపత్తును గడచి బయటపడిన ఒక సమాజానికి శీతకాలం ముగిసేలోగా జరిగే మంచిచెడ్డలను ఆటగాళ్ళు అందరూ కలసి ఆ కాగితం మీద పటంగా గీస్తారు. అందులో సూత్రధారి కూడా లేడు.

ఇట్టి చిన్న పుస్తకానికి పెద్ద దుకాణం అవసరం లేదు. నలుగురు తీరికగా కూర్చునే చోటు దానికి అవసరం. అందుకే దాని చూపు కాఫీ బల్ల మీదికి పోతుంది.

కాఫీకి, రాతకు స్నేహం పాతది. లండనులో 1652లో పాస్క్వా రోజే అనే వాడు మొదటి కాఫీశాల తెరిచాడు. ఒక పెన్నీ ఇచ్చినవాడెవరైనా అక్కడ కూర్చుని పత్రికలు చదువవచ్చును, వాదించవచ్చును. పెన్నీ విశ్వవిద్యాలయాలని వాటికి పేరు వచ్చింది. అక్కడి మాటలకు వెరచి రెండవ చార్లెస్ రాజు 1675 డిసెంబరులో వాటిని మూయవలెనని ఆజ్ఞాపించి, ప్రజలు గగ్గోలు పెట్టగా కొద్దిరోజులకే ఆ ఆజ్ఞను ఉపసంహరించుకొన్నాడు. 1711లో ‘స్పెక్టేటర్’ పత్రిక వెలువడినప్పుడు రోజుకు మూడువేల ప్రతులు పోతున్నవనీ, ప్రతి ఒక్కదానికి ఇరవైమంది చదువరులుంటారనీ అడిసన్ లెక్కవేశాడు. ఆ ఇరవైమందిని కూర్చినవి చాలావరకు కాఫీశాలలే.

ఈ లెక్క మన హోటలుకు కొత్త కాదు. కాకినాడలో గాని, రాజమహేంద్రవరంలో గాని ఉదయాన కాఫీ హోటలులో అడుగుపెట్టండి. పత్రిక ఒకటే. దాని పుటలు విడివడి నాలుగు బల్లలకు చేరతాయి. ఒకరు పెసరట్టు తింటూ రాజకీయాలు చదువుతారు. మరొకరు కాఫీ చల్లార్చుకొంటూ ఆటల పుట తిరగవేస్తారు. ముఖపరిచయం లేనివారు కూడా ‘ఆ కాగితం ఇటు ఇస్తారా?’ అని మాట కలుపుతారు. ఒక ప్రతి పదిమందిదయే చోటు ఇదే.

పుస్తకం మనిషి కోసం వెతుక్కొంటూ పోవడం ఆంధ్రులకు తెలియని సంగతీ కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం వెలసిన నేల ఇది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించి, రేవురేవుకు పుస్తకాలు అందించారు. పడవకు పట్టిన గౌరవం కాఫీ బల్లకు పట్టకూడదా?

పాత్రధారణ విషయంలోనూ కాకినాడ వెనుకబడిన ఊరు కాదు. ఇక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో ఎస్. వి. రంగారావు, రేలంగి, అంజలీదేవి వంటివారు వెండితెరకు ఎక్కక పూర్వం నటించారు. సరదాకు వేషం కట్టే మిత్రబృందం ఎంత ప్రతిభను పెంచగలదో ఈ పేర్లే సాక్ష్యం. పి. ఆర్. కళాశాల, రంగరాయ వైద్య కళాశాల, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్న ఈ పట్టణంలో నేడు విద్యార్థులకు కొదువ లేదు. వారు నలుగురూ కలసి నోరారా తెలుగు మాట్లాడి ఒక కథ కల్పించే అవకాశమే అరుదైపోతున్నది. నాలుగు జవాబులలో ఒకదాని ఎదుట గుర్తుపెట్టే పరీక్షలకు అలవాటుపడిన బాలునికి, ‘ఇప్పుడు నీవేమంటావు?’ అని ఎవరైనా అడిగితే గొంతు పెగలదు. ఇది తరగతిలో ప్రతి ఉపాధ్యాయుడూ ఎరిగినదే. ఈ ఆటలలో అధికభాగం ఇంగ్లీషులోనే ఉన్నవి. కనుక తెచ్చుకొని ఆడడంతో సరిపోదు. మన కథలతో మనం వ్రాసికొనవలె.

ఉదాహరణకు కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగిని తీసికొనండి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫానుకు, ఉప్పెనకు నాశనమైంది. ఆ ముందటి సాయంకాలమే మన ఆట. ఒకరు ఓడ కట్టించిన షావుకారు, ఒకరు సరంగు, ఒకరు కూలి ముట్టని వడ్రంగి, ఒకరు సుంకం గుమాస్తా. ఒక్కొక్కరి వంతుకు ఒక పేకముక్క తీస్తారు. ఎర్ర ముక్క వస్తే గాలి నిదానిస్తుంది. నల్ల ముక్క వస్తే ముదురుతుంది. వరుసగా మూడు నల్లవి పడితే సముద్రం ఊరిమీదికి వస్తుంది. ఈలోగా షావుకారు సరుకు దించమంటాడా, మనుష్యులను మెరకకు పొమ్మంటాడా? వడ్రంగి కూలి అడుగుతాడా, పడవ అడుగుతాడా? ఇంతే నియమాలు. కాని సరంగు పాత్ర పలకవలెనంటే పోటుపాట్లు తెలియవలె, పడవ భాగాల పేర్లు తెలియవలె. అందుకు విద్యార్థి జగన్నాథపురం రేవులో ఒక ముసలి పడవవానిని అడిగి వస్తాడు. చరిత్ర పాఠం అక్కడ ప్రాణం పోసికొంటుంది.

దీనిని పుస్తకం చేయడం కూడా తేలికే. ఒక పెద్ద కాగితాన్ని మూడు మడతలు పెట్టి, నడిమి మడత మీద ఒక కోత కోస్తే ఎనిమిది పుటల పుస్తకం అవుతుంది. కుట్టు లేదు, జిగురు లేదు. పది ప్రతులు జిరాక్సు తీయించి, యజమాని అనుమతితో గల్లాపెట్టె పక్కన ఒక డబ్బాలో ఉంచవచ్చును.

అయితే చిక్కులు లేకపోలేదు. మొదటిది హోటలు యజమానిది. ఒక్క కాఫీ తాగి మూడు గంటలు బల్ల ఆక్రమిస్తే ఆయన అద్దె కట్టేదెట్లా? 2010లో టొరంటో నగరంలో ‘స్నేక్స్ అండ్ లాట్టేస్’ అనే కాఫీశాల పెట్టినవారు కూర్చుని ఆడినందుకు మనిషికి ఇంతని రుసుము వసూలు చేశారు. మన ఊళ్ళో అంత అవసరం లేదు. ఉదయపు రద్దీ తగ్గి, భోజనాల వేళ కాని ఆ మధ్య గంటలలో ఒక బల్ల అడిగి పుచ్చుకొని, ఆటకు గంట గడువు పెట్టుకొంటే న్యాయంగా ఉంటుంది.

రెండవది రచయితది. 1957 కాపీహక్కు చట్టం వ్రాసిన మాటలకు రక్ష ఇస్తుంది; కనుక ఇతరుల పుస్తకాలు నకలు తీసి పంచడం తగదు. తన రచనను స్వేచ్ఛగా పంచదలచినవారు 2002 నుంచి వాడుకలో ఉన్న క్రియేటివ్ కామన్స్ అనుమతిని మొదటి పుటలోనే వ్రాయవచ్చును. ఆ మాట ముందుగా వ్రాసి ఉండడం ఎంత అవసరమో 2023 జనవరిలో తేలింది. పైన చెప్పిన పెద్ద ఆట యజమానులు అంతకు ముందిచ్చిన అనుమతిని బిగించబోగా, ఆటగాళ్ళు తిరగబడ్డారు. చివరకు మూలనియమాలను అదే క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేయవలసివచ్చింది.

మూడవది అన్నింటికంటె పెద్దది. హోటలు అందరిదీ అంటాము. అక్కడ గంటసేపు నిర్భయంగా కూర్చుని బిగ్గరగా నవ్వగల ఆడపిల్లలు ఎందరు? వారు రాలేని ఆట సగం ఆటే. కనుక ఆదివారం పూర్వాహ్నం, ఒక ఉపాధ్యాయురాలి సమక్షంలో మొదటి ఆటలు జరగడం మేలు. హోటలు కుదరనిచోట శాఖా గ్రంథాలయం ఉండనే ఉన్నది. ఇవి పిల్లలను చెరుపుతాయని 1980లలో అమెరికాలో తల్లిదండ్రులు భయపడిన మాట నిజమే. ఆట బహిరంగంగా, పదిమంది ఎదుట జరిగినప్పుడు అట్టి శంకకు తావుండదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ సెలవులలో మీ విద్యార్థులచేత ఒక్క కాగితం మడిపించండి. మీ ఊరి వంతెనో, సంతో, తుఫానో, ఏదో ఒకటి అందులో కథగా పెట్టించండి. చివరి పుట మాత్రం ఖాళీగా విడిచిపెట్టించండి. ఆ పుస్తకాన్ని హోటలులో తీసికొన్నవారు ఆడి చూచి, తమ కథ ఎట్లా ముగిసిందో అందులో నాలుగు మాటలు వ్రాసి, తిరిగి ఆ డబ్బాలోనే ఉంచుతారు. తరువాత వచ్చినవారు మొదట చదివేది ఆ పుటే.