దారి పెరిగినా గంటలు తగ్గాయి

ఖమ్మం జిల్లా వైరా నుంచి అమెరికా వెళ్లేవారు సాధారణంగా ముందు హైదరాబాద్ శివార్లలోని శంషాబాద్ విమానాశ్రయం చేరతారు. సూటిగా కొలిస్తే ఆ దూరం సుమారు 205 కిలోమీటర్లు. జెట్ విమానానికి అది పావుగంట పని, కారుకు మాత్రం నాలుగైదు గంటలు పడుతుంది. విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం ఇంకా దగ్గర, 90 కిలోమీటర్ల లోపే.

హైదరాబాద్, విజయవాడ మధ్య గగన దూరం దాదాపు 265 కిలోమీటర్లే. అయినా టికెట్ మీద సుమారు గంట రాసి ఉంటుంది. విమానం తన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, దిగి ఆగేదాకా ఉన్న సమయమంతా ఆ లెక్కలోకి వస్తుంది. రన్‌వే వరకు విమానం నేలమీద సాగడం, పైకెక్కడం, కిందికి దిగడం ఎంత చిన్న ప్రయాణంలోనైనా తప్పవు.

అసలు విశేషం దూర ప్రయాణాల్లో ఉంది. బడిలోని గ్లోబు మీద ఖమ్మం దగ్గర దారం ఒక కొస పెట్టి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి చూడండి. దారం అరేబియా సముద్రం వైపు పోదు. ఉత్తరానికి కాస్త తూర్పుగా, టిబెట్, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ అంచు తాకి దిగుతుంది. దాదాపు 13,500 కిలోమీటర్ల ఆ వంపే అతి దగ్గరి దారి. గోడమీది పటం గుండ్రని భూమిని సాగదీసి చూపిస్తుంది కాబట్టే ఇది వింతగా తోస్తుంది.

అయితే దగ్గరి దారిలో త్వరగా చేరతామన్న హామీ లేదు. ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం మొదట అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 2016 అక్టోబరులో తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా ఎగిరింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందే చేరింది!

భూమి తిరగడం వల్ల కలిసొచ్చిన సమయం కాదది. భూమితోపాటు గాలీ తిరుగుతూనే ఉంటుంది. అసలు కారణం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ ప్రవాహం. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానాన్ని 150 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేలమీద లెక్కకు వేగం 1,050 అవుతుంది. అదే గాలి ఎదురైతే 750కి పడిపోతుంది.

వైరా ఆకాశంలో వానాకాలం కథ వేరు. చెరువు గట్టున నైరుతి గాలి వీస్తుంటే, చాలా ఎత్తున గాలి తూర్పు నుంచి పడమటికి దూసుకుపోతుంటుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో ప్రపంచానికి వివరించినది తెలుగువారైన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. వేసవిలో వేడెక్కే టిబెట్ పీఠభూమికి, ఈ గాలికి ఉన్న సంబంధాన్ని ఆయన చూపారు. మన బడి పుస్తకాల్లో ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ఆ గాలి బలంగా ఉన్న రోజుల్లో దక్షిణాది మీదుగా బాగా ఎత్తున తూర్పుకు పోయే విమానానికే ఎదురుగాలి తగులుతుంది. విమాన సంస్థలు మార్చి, అక్టోబరు నెలల చివర టైంటేబుళ్లు మార్చేటప్పుడు, దూరం మారకపోయినా ప్రయాణ సమయాన్ని సవరించడానికి ఈ రుతువుల గాలులే ఒక కారణం.