మారిన ధరను మరువని లెక్క

విశాఖపట్టణములోని జాలరిపేట తీరమునకు పడవ చేరి, చేపలు అమ్ముడుపోయినంత మాత్రమున పని ముగియదు. ఖర్చులు పోగా మిగిలినది పంచుకొనవలెను. వాటాల కట్టుబాటు పడవకొక తీరుగా ఉండవచ్చును గనుక, లెక్క కొరకు ఒకదానిని మనమే ఊహించుకొందము. అమ్మకము 12,000 రూపాయలు. డీజిలు 30 లీటర్లు, లీటరు 95 చొప్పున 2,850. మంచుగడ్డకు, తిండికి 650. మిగులు 8,500. పడవకు, వలకు కలిపి 4 వాటాలు. వేటకు వెళ్ళిన ఆరుగురికి తలా ఒకటి. అనగా వాటా 850 రూపాయలు.

డీజిలు ధర 95 కాదు, 100 అని తరువాత తెలిసినదనుకొందము. కాగితముపై 2,850 కొట్టివేసి 3,000 వేసి, అక్కడ ఆగిపోయిన యెడల, మిగులు, వాటా పాత అంకెలతోనే నిలిచియుండును. రావలసిన వాటా 835. పంచినది 850. డీజిలు కొన్నవాని చేతినుండి 150 రూపాయలు పోయినవి. తగాదాకు ఇది చాలదా?

చిక్కు ఎక్కడ ఉన్నది? కాగితముపై ఫలితములు మాత్రమే ఉన్నవి. వాటి మధ్యగల సంబంధము వ్రాసినవాని తలలో ఉన్నది. ఆ సంబంధమునే గణితములో ప్రమేయము అందుము. 'మిగులును వాటాల సంఖ్యచే భాగించగా వచ్చునది వాటా' అని వ్రాసినచో అది ఏనాటికైనను నిజమే. ఇట్టి నిర్వచనములతోనే ప్రోగ్రాము వ్రాయుట ప్రమేయ పద్ధతి. దీనికి పునాది 1930 దశకములో అలొంజో చర్చి నిర్మించిన లాంబ్డా కలనము. 1990లో వెలువడిన హాస్కెల్ భాష ఈ తెగకు చెందినదే. అనేక ఇతర భాషలలో 'క = క + 1' అని వ్రాయుదురు. గణితోపాధ్యాయుడు దానిని ఎర్రసిరాతో కొట్టివేయును. అది సమీకరణము కాదు, పెట్టెలోని అంకెను మార్చుమను ఆజ్ఞ.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను అమెరికనులు తెచ్చిన విసికాల్క్ ఈ పద్ధతిని సామాన్యుల చేతికిచ్చినది. నేటి స్ప్రెడ్‌షీట్లు దాని సంతతియే. గడిలో కనబడునది 835. దాని వెనుక ఉన్నది సూత్రము. డీజిలు ధర ఒక్కచోట మార్చిన చాలును, వాటా తానే మారును. ప్రమేయ పద్ధతిలో ప్రోగ్రాము వ్రాయుచున్నామని ఎరుగకయే లక్షలమంది గుమాస్తాలు ఆ పని చేయుచున్నారు!

అయితే గడిలో సాధారణముగా పట్టునది ఒక అంకెయో మాటయో మాత్రమే. ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయమునకు చెందిన కీత్ హన్నా 2002లో వర్ణించిన వైటల్ ఇంకొక అడుగు వేసినది. అందు హాస్కెల్ నిర్వచనములు, వాటి విలువల చిత్రములు ఒకే పత్రముపై ఉండును. విలువ ఒక జాబితా కావచ్చును, శాఖలుగల వృక్షము కావచ్చును. చిత్రములో ఒక కొమ్మను తీసి వేరొకచోట అతికించినచో, ప్రోగ్రాము పాఠము వెంటనే ఆ మేరకు మారును. అంతులేని జాబితాను సైతము పత్రముపై ఉంచవచ్చును. ఏ రోజు ఎంత పొదుపు కూడినదో తెలుపు పట్టీని ఎన్ని దినములకైనను నిర్వచింపవచ్చును; తెరపై జరిపి చూచినంతవరకే యంత్రము లెక్కించును, మిగిలినది అడుగువరకు ముట్టదు.

ఇట్టి పత్రము తప్పును పట్టునని మాత్రము అనుకొనరాదు. ఖర్చు నిర్వచనములో మంచుగడ్డ, తిండి విడిచినచో వాటా 900 అని ప్రతి దినము నిస్సంకోచముగా చూపును. కనుక అంకెతోపాటు దాని వెనుకనున్న సూత్రమును వేటకు వెళ్ళిన ఆరుగురును తెరచి చూడగలుగవలెను. విద్యార్థులు ఈ లెక్కను స్ప్రెడ్‌షీటులో వేసి, ఒకడు జ్వరముతో ఇంట నిలిచిపోయి ఐదుగురే వెళ్ళిన దినమున ఏ గడిని మార్చవలెనో, ఏ గడులు వాటంతట అవే మారునో చూడవచ్చును.