ప్రోస్టేట్ క్యాన్సరు - మగవారి ఆహారము



మూత్రాశయము క్రింద పెద్ద ఉసిరికాయంత ప్రోస్టేట్ గ్రంథి మగవారికి మాత్రమే ఉండును. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఇది పెరుగుట సాధారణము. పెరిగినదెల్ల క్యాన్సరు కాదు. కొందరికి క్యాన్సరే కావచ్చును. దీనిని తప్పక ఆపగల ఆహారమేదియు లేదని ముందే చెప్పుచున్నాము.

ఆపునని చెప్పి మాత్రలు అమ్మువారు కలరు. వాటి సంగతి వినుడు. 2001లో అమెరికా, కెనడా దేశములలో 35,000 మందికి పైగా మగవారిపై పెద్ద పరీక్ష మొదలిడిరి. కొందరికి విటమిన్-ఇ, కొందరికి సెలీనియము, కొందరికి రెండును, మిగిలినవారికి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చిరి. మేలేమియు కనబడక 2008లో మాత్రలు ఆపివేసిరి. 2011లో లెక్క తీయగా, విటమిన్-ఇ ఒక్కటే తిన్నవారిలో ఈ క్యాన్సరు, ఉత్తి మాత్రలు తిన్నవారికంటె నూటికి 17 వంతులు హెచ్చుగా కనబడినది! డబ్బు పోసి కొనదగిన వస్తువేనా ఇది?

టమాటా మాట వేరు. దానికి ఎరుపునిచ్చు లైకోపీన్, పచ్చిగా తిన్నప్పటికంటె నూనెతో ఉడికించినపుడు ఒంటికి బాగుగా పట్టును. ఈ జబ్బు విషయమున మేలని కొన్ని పరిశోధనలు చెప్పినవి. రుజువు పూర్తి కాలేదు. అయినను ధర పడినపుడు మదనపల్లె రైతు రోడ్డుప్రక్కన పారబోయు పండును ఇంట పప్పులో వేసిన నష్టమేమి? ఆకుకూరలు విరివిగా తినుడు. ఒళ్లు మితిమీరి పెరగనీయకుడు. స్థూలకాయులలో ఈ జబ్బు ముదిరిన రూపమున వచ్చుట హెచ్చు.

రాత్రి పలుమార్లు మూత్రమునకు లేచుట, ధార సన్నబడుట, నెత్తురు పడుట కనబడిన సిగ్గుపడి దాచక వైద్యునికి చెప్పుడు. తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చియున్నచో, మీకు బాధ లేకున్నను, పి.ఎస్.ఎ. రక్తపరీక్ష అవసరమేమో ఆయననడుగుడు.