పాత బండికి ముందు ఫోర్కు: ఎంపిక, మార్పులు



మన ఆనందపురం కూడలిలో కాసేపు నిలబడితే కొత్త బళ్ళ మధ్య పాత బుల్లెట్టో, యెజ్డీయో, రాజ్‌దూతో కనిపిస్తుంది. వీటిలో కొన్ని పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి, తారు లేని కొండదారుల్లో తిరుగుతాయి. నిరుడు వేసవిలో మా హాస్టల్ మిత్రుడి అన్నయ్య ఆ దారుల కోసమని తన పాత బుల్లెట్‌కు వేరే బండి పొడుగు ఫోర్కు వేయించాడు. కొండ దిగుతూ ముందు బ్రేకు నొక్కగానే చక్రం బిగుసుకుపోయింది. ఆయన ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది. తప్పెక్కడుందో తెలుసుకుందామని మేము నలుగురం ఆ బండిని ఒక పెద్దవయసు మెకానిక్ షెడ్డుకు చేర్చి విప్పించాం. అక్కడ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఫోర్కు పనేమిటి?

ముందు చక్రానికి రెండు పక్కలా ఉండే కాళ్ళే ఫోర్కు. ఒక్కో కాలిలో ఒక గొట్టంలోకి మరో గొట్టం జారుతుంది. లోపల స్ప్రింగు, ఆయిల్ ఉంటాయి. గుంత దెబ్బను స్ప్రింగు తీసుకుంటుంది. ఆయిల్ చిన్న రంధ్రాల గుండా కదులుతూ స్ప్రింగు ఎగిరిపడకుండా ఆపుతుంది. బీఎండబ్ల్యూ కంపెనీ 1935లో తన ఆర్ 12, ఆర్ 17 బళ్ళకు ఇలా ఆయిల్‌తో పనిచేసే ఫోర్కు పెట్టింది. మన పాత బుల్లెట్‌లోనూ ఉన్నది ఈ పద్ధతే.

ఎంపికలో ఏం చూడాలి?

పాత క్లాసిక్ 350 వంటి బళ్ళలో ఫోర్కు రాడ్డు మందం 35 మిల్లీమీటర్లు, కదలిక 130 మిల్లీమీటర్లు. 2016లో వచ్చిన హిమాలయన్‌లో రాడ్డు 41, కదలిక 200. ఈ అంకెలు చూడగానే పొడుగుదే మంచిదనిపిస్తుంది. కానీ రెండు చక్రాల మధ్య దూరం 1370 మిల్లీమీటర్లున్న బండికి ముందు భాగం 36 మిల్లీమీటర్లు లేస్తే, బండి మొత్తం సుమారు ఒకటిన్నర డిగ్రీలు వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ బరువెక్కుతుంది. ఇరుకు మలుపులో బండి త్వరగా తిరగదు. టీ, కోన్‌సెట్, ఇరుసు మందం కూడా సరిపోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. డ్రమ్ బ్రేకు పట్టినప్పుడు బ్రేకు ప్లేటు కూడా చక్రంతో తిరగబోతుంది. ఫోర్కు కాలిమీదున్న మెట్టు దాన్ని ఆపుతుంది. అన్నయ్య వేయించిన ఫోర్కుకు ఆ మెట్టు లేదు. బిగించినవారు పల్చని రేకు పట్టీతో సరిపెట్టారు. దిగుడులో పట్టీ తెగింది, ప్లేటు తిరిగింది, కేబుల్ లాగేసింది, చక్రం ఆగిపోయింది.

“పొడుగు చూసి కొనెయ్యకండి బాబూ. బరువు చూడాల, దారి చూడాల, బ్రేకు చూడాల” అన్నారు మెకానిక్.

మార్పులు ఎలా చేయాలి?

ముందు ఉన్న ఫోర్కునే బాగుచేసుకోవాలి. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, రాడ్డు చుట్టూ దారం కట్టి, కిందికి జరిపి, చక్రాన్ని దించి, బండిమీద మెల్లగా కూర్చుని దిగాలి. దారం పైకి జరిగిన దూరం మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపల ఉండాలి. 130 మిల్లీమీటర్లకు ఇది సుమారు 33 నుంచి 43. అంతకన్నా ఎక్కువ దిగితే స్ప్రింగు అలసిపోయిందనో, మన బరువుకు చాలదనో అర్థం.

చాలామంది స్ప్రింగు పైన గొట్టం ముక్క పెట్టించి “గట్టిపడింది” అనుకుంటారు. మేమూ అలాగే అన్నాం. ఇంటర్‌లో చదివిన హుక్ సూత్రం గుర్తు తెచ్చుకుంటే అది తప్పని తెలుస్తుంది. ముక్క పెడితే బండి ఎత్తు పెరుగుతుంది గానీ స్ప్రింగు స్థిరాంకం మారదు. స్ప్రింగు చుట్లు కోస్తే మాత్రం అది గట్టిపడుతుంది, కానీ పొట్టిదవుతుంది.

ఆయిల్ మరీ చిక్కనిదైతే వరుస గుంతల్లో ఫోర్కు తిరిగి లేవడానికి సమయం చాలదు. కొలతకు మించి పోస్తే పైనున్న గాలికి చోటు చాలక సీళ్ళు తన్నేస్తాయి. ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ ఎప్పుడూ పోయకూడదు.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. కాబట్టి కంపెనీ కొలతలకు లోబడి స్ప్రింగు, సీళ్ళు, ఆయిల్ కొత్తవి వేసుకోవడమే సురక్షితం.

అన్నయ్య బండికి పాత ఫోర్కే తిరిగి ఎక్కించాం. కొత్త సీళ్ళు, కొత్త ఆయిల్, సరైన స్ప్రింగులు వేయించాం. మూడు నెలల తర్వాత ఆయన మళ్ళీ ఘాట్ ఎక్కారు. మేము కాగితం మీద కోణం లెక్క వేస్తుంటే మెకానిక్ నవ్వి, “సదవేస్తే ఉన్న మతి పోయిందంటారు గానీ, మీకు పోలేదు” అన్నారు. ఆ లెక్క బండి కొనకముందే వేసుంటే చెయ్యి విరిగేది కాదని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది. సెలవుల్లో కొండదారి పట్టే మన తమ్ముళ్ళు డబ్బు చెల్లించేముందు బరువు, దారి, కొలత, బ్రేకు అనే ఈ నాలుగూ అడగాలని మా మనవి.