కాకతీయ విశ్వవిద్యాలయపు ఆచార్యులు

ఓరుగల్లన్నంతనే వేయి స్తంభముల గుడియు, కోటలోని కీర్తితోరణములును మన కన్నులకు గట్టును. ఆ నగరమందే విద్యారణ్యపురిలో నెలకొన్న విశ్వవిద్యాలయమును గూర్చి, అచ్చటి ఆచార్యులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

అమెరికా రాజధాని వాషింగ్టనులో 1867లో హోవర్డు విశ్వవిద్యాలయము వెలసినది. తెల్లవారి కళాశాలలు పెక్కింటి తలుపులు మూసియున్న కాలమున నల్లజాతి యువకులకు అది ఆశ్రయమైనది. అచ్చట రాజనీతిశాస్త్రము బోధించిన రాల్ఫ్ బంచ్, ఐక్యరాజ్యసమితి పక్షమున 1949లో అరబ్బు దేశములకును ఇజ్రాయేలునకును యుద్ధవిరమణ ఒప్పందములు కుదిర్చి, 1950లో నోబెల్ శాంతి బహుమానమును పొందిరి.

మన కథ వర్ణవివక్షకు సంబంధించినది కాదు. రెంటిని ఒకే త్రాసున తూచుట తగదు. అయినను పోలిక కొంత కలదు. పై చదువులకు హైదరాబాదు పోవలసిన పిల్లల కొరకు ఉస్మానియావారు ఓరుగల్లులో పోస్టు గ్రాడ్యుయేట్ కేంద్రము నెలకొల్పిరి. అదియే 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయమైనది. హాస్టలు ఖర్చు తలచుకొని బి.ఏ.తోనే చదువు చాలించిన ఇండ్లకు దీని విలువ తెలియును.

1991 నుండి 1994 వరకు ఇచ్చట ఉపకులపతిగా నున్న కొత్తపల్లి జయశంకర్ ఆత్మకూరు దాపునగల అక్కంపేటలో 1934లో జన్మించిరి. 1952 నాటి ముల్కీ ఉద్యమమున వారు విద్యార్థిగా పాల్గొనిరి. అర్థశాస్త్రజ్ఞులగుటచే వారి వాదమంతయు లెక్కల మీదనే నడచెను: నదీజలములలో వాటా యెంత, ఉద్యోగము లెన్ని, రాబడి యెంత, వ్యయ మెంత? అంకెలు శ్రోతలకు రుచింపవని మావంటి ప్రసంగకర్తల నమ్మకము. వారి సభలలో జనము కదలక కూర్చుండి వినెడివారు. వారు 2011 జూన్ 21న కన్నుమూసిరి. తెలంగాణ రాష్ట్రము 2014 జూన్ 2న ఏర్పడినది.

బంచ్‌ను తలపించువారు జి. హరగోపాల్. కాకతీయలో బోధించి, పిదప హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. 2011లో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరును, 2012లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టరును మావోయిస్టులు చెరపట్టినప్పుడు వారు మధ్యవర్తులలో నొకరైరి. ఇరువురు అధికారులును ప్రాణములతో ఇల్లు చేరిరి. అడవివారును ప్రభుత్వమువారును ఒక ఉపాధ్యాయుని మాటను నమ్ముట చిన్న సంగతి కాదు.

తెలుగు శాఖలోని పేర్వారం జగన్నాథం ఆరెల జానపద గేయములను సేకరించి గ్రంథముగా వెలువరించిరి. హోవర్డు ఆచార్యులు స్టెర్లింగ్ బ్రౌన్ దక్షిణాది నల్లవారి పాటలను, పలుకుబడిని కవిత్వమున నిలిపినది ఇట్లే. తరువాత జగన్నాథంగారు తెలుగు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతులైరి.