ఏకాంతమున బుద్బుదదర్శనము

డబ్లిన్ నగరమున సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న పాఠకులొకరు పంపిన ప్రశ్న ఇది. పని ముగిసిన సాయంకాలములందు ఇంటిదారిలోనున్న ఒక పాత పబ్బున, తోడెవ్వరును లేకుండ, ఒక మూల కూర్చుండి ఒక్క గ్లాసు గిన్నెస్ తెప్పించుకొనుట తనకు అలవాటైనదనియు, అప్పుడే పోసిన ఆ నల్లని పానీయములోని బుడగలు గ్లాసు గోడ వెంబడి పైకి పోవుటకు మారుగా క్రిందికి దిగుచున్నట్లు కనబడుచున్నవనియు, ఈ సంగతి మిత్రులకు చెప్పగా అదంతయు తాగినదాని మహిమయని వారు నవ్విరనియు, తానప్పటికింకను గుక్కెడైనను తాగియుండలేదు గనుక సమాధానము చెప్పి తన పరువు కాపాడవలసినదనియు వారు వ్రాసినారు.

ఈ మాసమునకు వేరొక విషయమును సిద్ధపరచియుంటిని. ఈ ఉత్తరము చదివిన పిమ్మట దానిని ఆవలికి త్రోసితిని. బుడగ క్రిందికి దిగుట యనునది భౌతికశాస్త్రమునందలి తొలిపాఠమునకే ఎదురుతిరిగినట్లు తోచు వ్యవహారము. పాఠకుని కన్ను మోసపోలేదు. గోడ వెంబడి బుడగలు నిజముగనే దిగుచున్నవి.

మొదట పానీయమును గూర్చి నాలుగు ముక్కలు. గిన్నెస్ స్టౌట్ జాతికి చెందినది. స్టౌట్ అనగా మాడువాసన వచ్చునట్లు వేయించిన బార్లీని చేర్చి, కాచి, పులియబెట్టిన బీరు. దాని నలుపు ఆ వేపుడువలన వచ్చినదే. సాధారణమైన బీరులో కరగియుండునది బొగ్గుపులుసు వాయువు. డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ గిన్నెస్ కార్ఖానావారు 1959వ సంవత్సరమున, మైకేల్ ఆష్ అను గణితవేత్త చేసిన కృషి ఫలితముగా, పీపాలలోని స్టౌటునకు నత్రజనినిగూడ చేర్చిరి. నత్రజని నీటిలో కరగుట బహుస్వల్పము. బొగ్గుపులుసు వాయువుతో పోల్చిన సుమారు ఏబదవ వంతు. కుళాయిలో సన్నని రంధ్రములుగల బిళ్లగుండ ఒత్తిడితో త్రోయబడినప్పుడు ఈ వాయువు అసంఖ్యాకములైన సూక్ష్మబుద్బుదములుగా విడివడును. చుట్టునున్న ద్రవములో వానిని ఉబ్బించునంతటి వాయువు మిగిలియుండదు గనుక అవి పుట్టినప్పటి పరిమాణముననే నిలిచిపోవును. ఒక్కొక్కదాని వ్యాసార్ధము 0.06 మిల్లీమీటరు ప్రాంతమున నుండును. తక్కిన రసాయనశాస్త్రముతో మనకు పని లేదు.

ఇక ఏకాంతము మాట. డబ్లిన్ పబ్బులలో పాతవానియందు స్నగ్ అనబడు చిన్నగది, చెక్కపలకలతో అడ్డుకట్టి తలుపు పెట్టినది, నేటికిని కానవచ్చును. బయటివారి కంటబడక తాగదలచినవారికై, ముఖ్యముగా వెనుకటి కాలమున స్త్రీలకై, అది ఏర్పడినది. అందు కూర్చున్నను, కౌంటరు చివర ఎత్తుపీటపై కూర్చున్నను పద్ధతి ఒక్కటే. పోయువాడు గ్లాసును వాలుగా పట్టి ముప్పాతికవంతు నింపి, దానిని అట్లే విడిచి, తన పని తాను చూచుకొనును. లోపలి కలకలము అణగిన తరువాతనే తక్కినది నింపి చేతికిచ్చును. ఈ తతంగమంతయు రమారమి రెండు నిమిషములు. కంపెనీవారు తమ ప్రకటనలలో దీనిని 119.5 సెకనులని, అరసెకను లెక్కతో సహా, చాటుకొనిరి. మిత్రబృందము కూడినచోట ఈ రెండు నిమిషములు మాటలలో కొట్టుకొనిపోవును. ఒంటరిగా కూర్చున్నవానికి మాత్రము చూచుట తప్ప వేరు వ్యాపారము లేదు. అందుచేతనే, నిశ్శబ్దమైన పబ్బులో ఒంటరిపానమునందలి సుఖములో నాలుకకంటె కంటికే హెచ్చుపాలు దక్కుచున్నదని నా దృఢాభిప్రాయము. ఏకాంతపానము వ్యసనమునకు త్రోవతీయునని వైద్యులు చేయు హెచ్చరిక త్రోసిపుచ్చరానిదే. నేను ముచ్చటించుచున్నది ఒక్క గ్లాసును ఎదుట పెట్టుకొని తొందరపడక కూర్చున్నవానిని గూర్చి. మన ఊళ్లలో మద్యపు దుకాణముల ప్రక్కన నుండు పర్మిట్ రూములలో ఈ సుఖమును వెదకబోవువారు నిరాశపడుదురు. అక్కడ ఏకాంతమును లేదు, నిశ్శబ్దమును లేదు, నత్రజనియును లేదు.

సాహితీవేత్తలు ఈ దృశ్యమును పట్టించుకొనకపోవుట, 1959కి పూర్వపు స్టౌటున నత్రజని లేదన్న మాట నటుంచినను, నాకు వింతగా తోచును. జార్జ్ ఆర్వెల్ 1946లో ఒక లండన్ సాయంకాల పత్రికకు వ్రాసిన వ్యాసమున, రేడియోగాని పియానోగాని లేని, ఎచ్చటను లేని తన ఆదర్శపు పబ్బును వర్ణించుచు, నురుగుగల స్టౌటును ప్రశంసించి, అది తగరపు పాత్రలో తాగిన మరింత బాగుండునని తీర్పు చెప్పినాడు. తగరపు పాత్రలో! అపారదర్శకమైన లోహమున పోయించి, అందలి నాటకమునకు తెర దించి, రుచిని మాత్రము మెచ్చుకొన్న ఆ మహానుభావుని విమర్శదృష్టి ఈ ఒక్క చోట తప్పినది. జాయిస్ నవల యులిసీస్‌లో బ్లూమ్ ఒంటరిగా డేవీ బర్న్ పబ్బున ప్రవేశించి తెప్పించుకొన్నది బర్గండీ ద్రాక్షసారాయము. నత్రజని కలిసిన స్టౌటు అప్పటికే పుట్టి, దానినే తెప్పించుకొనియుండిన బుడగల గమనమును గూర్చి పది పుటలు మనకు లభించియుండెడివి.

అసలు విషయమునకు వత్తము. నిశ్చలమైన ద్రవములో ఒంటరి బుడగ పైకే పోవును. ఇందు వివాదము లేదు. ఎంత వేగముతో పోవునో స్టోక్సు సూత్రము చెప్పును. సూక్ష్మమైన బుడగల విషయమున ఆ వేగము వ్యాసార్ధముయొక్క వర్గమును అనుసరించును. అనగా వ్యాసార్ధము సగమైనచో వేగము నాలుగవవంతగును. మన బుడగకు లెక్క వేసి చూడగా వేగము సెకనుకు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. ఇంతటి మందగామి చుట్టునున్న ద్రవము ఎటు పారిన నటు కొట్టుకొనిపోవలసినదే. ద్రవము సెకనుకు నాలుగు మిల్లీమీటర్లకు మించి క్రిందికి దిగుచున్నచో, అందలి బుడగ ద్రవమునుబట్టి చూడగా పైకే ఈదుచుండును, గ్లాసునుబట్టి చూడగా దిగజారుచుండును. కాబట్టి బుడగ ఏల దిగుచున్నదన్న ప్రశ్న, గోడప్రక్కనున్న ద్రవము ఏల దిగుచున్నదన్న ప్రశ్నగా మారును.

ఇక్కడనే పండితులు తడబడిరి. కొందరు అది దృష్టిభ్రమయని చాలకాలము వాదించిరి. 1999లో ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్లైవ్ ఫ్లెచర్, కంప్యూటరుపై ప్రవాహసమీకరణములను సాధించి, మధ్యభాగమున ద్రవము పైకి పోవుచు గోడల వెంట క్రిందికి మరలునని చూపెను. 2004లో ఎడింబరోకు చెందిన ఆండ్రూ అలెగ్జాండర్, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ జేర్ శీఘ్రచిత్రగ్రాహకముతో చిత్రములు తీసి, బుడగలు దిగుట కన్నులార చూపిరి. అంతకుముందు ప్రాథమిక ప్రయోగములు పబ్బులోనే చేసి చూచిరట, ఫలితము తేలలేదట. తేలకపోవుటకు కారణము ఊహింపవచ్చును. వారు చెప్పిన హేతువు ఏమనగా, గోడనంటిన బుడగలకు ఘర్షణ హెచ్చు, నడుమనున్నవానికి ఆ అడ్డు లేదు. కనుక నడిమి బుడగలు వేగముగా లేచి ద్రవమును తమతో లాగును, ఆ ద్రవము తిరిగి గోడవెంట దిగును. వినుటకు సుభగముగానున్న ఈ వివరణము ఒక్క పరీక్షకు నిలువలేదు: గ్లాసు ఆకారమును మార్చినచో ఏమగును?

ఆ పరీక్ష చేసినవారు ఐర్లండులోని లిమరిక్ విశ్వవిద్యాలయమువారు, యూజీన్ బెనిలోవ్, కాథల్ కమిన్స్, విలియం లీ అను గణితజ్ఞులు. వారి 2013 నాటి పత్రమున పైంటు గ్లాసును తలక్రిందులు చేసినట్లుండు, అనగా క్రింద వెడల్పును పైన ఇరుకును గల, పాత్రను లెక్కలలో నిర్మించిరి. గోడ ఉండనే యున్నది, ఘర్షణ ఉండనే యున్నది. ఐనను బుడగలు గోడవెంట పైకి పోయి నడుమ దిగినవి! ఘర్షణవాదము అక్కడితో ముగిసినది. వ్యవహారమంతయు గోడ వాలులో నున్నది.

పైంటు గ్లాసు అడుగున సన్నమై పైకి పోనుపోను విచ్చుకొనును గదా. బుడగ నిట్టనిలువుగా లేచును. గోడ మాత్రము వెలుపలికి వాలి తొలగిపోవుచుండును. అందుచే గోడప్రక్కనున్న బుడగ ప్రతిక్షణమును గోడకు దూరమగును, దాని స్థానమునకు మరియొక బుడగ రాదు. క్రిందనున్నది గోడయే గనుక వచ్చుటకు తావు లేదు. ఈ విధముగా గోడ నంటుకొని బుడగలు పలుచబడిన పొర యొకటి ఏర్పడును. బుడగలు తక్కువైనచోట సాంద్రత హెచ్చు. హెచ్చైన ఆ బరువుతో ఆ పొర వాలుగోడమీద జారును, జారుచు తనలోను తన అంచునను మిగిలిన సూక్ష్మబుద్బుదములను క్రిందికి ఈడ్చుకొనిపోవును. దిగిన ద్రవమునకు ప్రతిగా నడుమ బుడగలు నిండిన తేలికపాటి ద్రవము లేచును. ఆ లేచుట మనకు కనబడదు. పానీయపు నలుపు దానిని మరుగుపరచి, గోడనంటిన దిగుబడిని మాత్రమే మన కన్నులకు చూపును. బుడగలలో అధికభాగము పైకే పోవుచుండగా దిగుచున్న కొలదివానిని మాత్రమే మనము చూచుట ఈ వినోదమునకు మూలము.

ఈ సూత్రము తొలుత బీరులో గాక నెత్తుటిలో దొరికినది. ఆర్థర్ ఎడ్విన్ బాయికాట్ అను ఆంగ్ల వైద్యుడు 1920లో నేచర్ పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసెను. నిలువుగా పెట్టిన సన్నని గొట్టములోకంటె వాలుగా పెట్టిన గొట్టములో రక్తకణములు త్వరితముగా అడుగు చేరుచున్నవని అందు తెలిపెను. అక్కడ కణములు దిగును, ఇక్కడ బుడగలు లేచును. చిత్రము తలక్రిందులైనదే గాని న్యాయమొక్కటే. వాలుగొట్టములో పైగోడ క్రింద కణములు లేని ప్లాస్మాపొర ఏర్పడి, తేలికైనది గనుక చరచర పైకి జారును. తక్కినదంతయు ఆ సందడిలో వడిగా దిగును. దీనినే శాస్త్రజ్ఞులు బాయికాట్ ప్రభావమందురు. ఈ బాయికాటే 1908లో హాల్డేన్, డామంట్ అనువారితో గూడి, సముద్రపు లోతులనుండి పైకి వచ్చు గజయీతగాండ్ర నెత్తుట నత్రజని బుడగలు పుట్టకుండ ఎట్లు మెల్లమెల్లగా లేవవలెనో పట్టికలు కట్టినవాడు. నత్రజని బుడగలతోను, వాలుగొట్టములతోను వేరువేరుగా కాలము గడపిన ఆయన, ఆ రెండును ఒకేచోట కలిసిన పైంటు గ్లాసును ఈ దృష్టితో చూడకయే 1938లో గతించెను. చూచుటకు ఆ నత్రజని స్టౌటు అప్పటికింకను పుట్టలేదు.

మరియు దిగు బుడగలు ఏకరీతిగా దిగవు. తేరిపార చూచినవారికి అవి అలలు అలలుగా, ఒకదాని వెనుక నొకటి తరుముకొనుచు, దిగుట కనబడును. 2019లో జపానులో వాటమూరా మొదలగువారు దీనికి కారణము విప్పిరి: వాన కురియునప్పుడు వాలురోడ్డుపై పలుచగా పారు నీరు వరుసలు కట్టినట్లే, గోడపై జారు ఈ పలుచని పొరయు అస్థిరమై అలలుగా విచ్ఛిన్నమగును. బుడగకు బదులు బోలుగానున్న సూక్ష్మమైన గాజుపూసలను నీళ్లలో కలిపియు వారు ఈ అలలను పుట్టించిరి. మద్యము ముట్టని పాఠకులు దీనిని గమనింతురుగాక.

పబ్బు నిశ్శబ్దముగానుండవలెనని నేను పట్టుబట్టుటకు వేరొక హేతువు కలదు. అప్పుడే పోసిన గ్లాసును చెంచాతో మెల్లగా తట్టుచు చెవి యొగ్గినచో, మొదట మంద్రస్థాయిలో మొద్దుగా వినబడిన ధ్వని బుడగలు తొలగినకొలది హెచ్చుచు తారస్థాయి నందును. నీటిలో శబ్దవేగము సెకనుకు దాదాపు 1,480 మీటర్లు, గాలిలో 340. రెండును కలిసిన నురుగునీటిలో ఈ రెంటికి నడుమనుండునని ఎవరైనను తలతురు, అది పొరపాటు. నూటికి ఐదుపాళ్లు గాలి బుడగలుగా కలిసిన నీటిలో శబ్దవేగము సెకనుకు ఏబది మీటర్ల ప్రాంతమునకు పడిపోవును! బుడగలు ఆ మిశ్రమమునకు గాలియొక్క మెత్తదనమును, నీరు తన బరువును ఇచ్చుటయే కారణము. ఫ్రాంక్ క్రాఫర్డ్ 1982లో వేడి చాక్లెట్టు పానీయమును గూర్చి వ్రాసిన వ్యాసముతో ఇది ప్రసిద్ధమైనది. మన ఇండ్లలో ఇన్‌స్టెంట్ కాఫీపొడిని సలసల కాగిన నీళ్లలో వేసి కప్పు అడుగును తట్టినను ఈ ఆరోహణము వినవచ్చును. కాని టీవీలో ఫుట్‌బాల్ ఆట మ్రోగుచున్న పబ్బులో వినుట ఎవ్వరి తరమును గాదు.

గిన్నెస్ పేరు తెలుగువారికి పరిచయమైనది రికార్డుల పుస్తకమువలన. వేటలో పుట్టిన ఒక తగవునకు సమాధానము దొరకక, పబ్బులలో ఇట్టి తగవులు తీర్చుటకు పుస్తకముండిన బాగుండునని ఆ కంపెనీ అధికారి సర్ హ్యూ బీవర్ తలచుటచేత అది 1955లో పుట్టినది. పబ్బులోని ముఖ్యమైన తగవు మాత్రము తమ గ్లాసులోనే అర్ధశతాబ్దికి పైగా అపరిష్కృతముగా నుండిపోయినది.

ఇదంతయు దేనికి పనికివచ్చునని అడుగువారుందురు, ఉండనిండు. నీటిశుద్ధి కేంద్రములలో బురదను త్వరగా దింపుటకు వాలుపలకల వరుసలు అమర్చుట ఈ న్యాయముననుసరించియే. అంతకంటె చేరువైనది ఈయస్సార్ పరీక్ష. మన పట్టణములలో వీధివీధినగల రక్తపరీక్షాశాలలలో 200 మిల్లీమీటర్ల గుర్తులుగల వెస్టర్‌గ్రెన్ గొట్టమున నెత్తురు నింపి, గంటకు కణములు ఎంత దిగినవో చూతురు. గొట్టము మూడు డిగ్రీలు ఒరిగినచో అంకె ముప్పదిశాతము వరకు పెరిగి, లేని జబ్బును తెచ్చిపెట్టగలదు. గొట్టము నిట్టనిలువుగా నుండవలెనని వైద్యగ్రంథములు వక్కాణించుట ఇందుకే. ఆ స్టాండు అడుగున నుండు మట్టము మరలను త్రిప్పి చూచిన సాంకేతికుని నేనింతవరకు చూడలేదు.